మొండయ్య మూడుసార్లు ఊదాడు

అమూల్య అనగానే మా విభాగంలో అందరికీ గుర్తొచ్చేది ఆమె గొంతు. "ఊదు కాకా, ఊదు, ఊదు, ఆపకు!" అని అరిచిందంటే వరండాలో వంతు కోసం కూర్చున్నవాళ్ళు కూడా గట్టిగా గాలి పీల్చుకునేవాళ్ళు. గుండె, ఊపిరితిత్తులు ఎంత బాగా పనిచేస్తున్నాయో యంత్రాలతో కొలిచి చెప్పడం నేర్పే డిగ్రీ కోర్సు మాది, కరీంనగర్‌లో ఒక ఆసుపత్రిలో. నేను అక్కడ పాఠాలు చెబుతాను. విజయేందర్ సారంటే, అంటే నేనంటే, పిల్లలకు హడల్, నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది మరి. అమూల్య ఒక్కతే నన్ను ఖాతరు చేసేది కాదు. గోదావరిఖని కార్మికుల కాలనీలో పెరిగిన పిల్ల, వాళ్ళ బాపు బొగ్గు బాయిలో, అంటే గనిలో, దిగినవాడే.

ఆమె మూడో ఏడాదిలో ఉండగా మొండయ్య వచ్చాడు. ఆయనా బాయి కార్మికుడే. దగ్గు, ఆయాసం. వెంట భార్య చంద్రవ్వ. గొట్టం నోట్లో పెట్టుకుని మూడుసార్లు ఊదాడు. మూడుసార్లూ కాస్త గాలి వచ్చి ఆగిపోయింది.

"నౌకరి ఇంకెన్నేండ్లున్నది కాకా?" అని అడిగింది అమూల్య.

"రెండేండ్లు బిడ్డా."

"కొడుకులెందరు?"

"ఒక్కడే. పని లేక ఖాళీగున్నడు."

అమూల్య నవ్వింది. తండ్రి రోగిష్టివాడై ఇక పని చేయలేడని తేలితే కొడుక్కి నౌకరి వస్తుందని బాయి కార్మికుల ఇళ్ళల్లో ఒక ఆశ. ఆ ఆశతో కొందరు గాలి బిగబట్టి కొంచెం కొంచెం ఊదుతారు. ఆ ముచ్చట్లు వింటూనే పెరిగింది ఆ పిల్ల.

"గా నాటకాలు ఈడ నడ్వయ్ కాకా. నేను కాలనీ పిల్లనే."

"నాటకం గాదు బిడ్డా. గింతే వస్తుంది," అన్నాడు మొండయ్య. చంద్రవ్వ మొగుడి వైపు కొరకొరా చూసింది.

'కావాలనే సరిగా ఊదలేదు, ఫలితం చెల్లదు' అని రాసింది అమూల్య. ఆయన ఊదినప్పుడు యంత్రం గీసిన గీతలు నేను తెరిచి చూడలేదు. బాయి కార్మికుడి బిడ్డకు తెలియదా అనుకుని సంతకం గీకేశాను. ఛ, ఇవాళ్టికీ ఆ సంతకం తలుచుకుంటే నా చేతిని నేనే నరుక్కోవాలనిపిస్తుంది.

రెండు వారాల తర్వాత మొదటి ఏడాది పిల్లలకు పాఠం చెబుతున్నాను. "అబద్ధం ఊదేవాడు మూడుసార్లూ ఒకేలా ఊదలేడు. గీతలు చెదిరిపోతాయి. నిజంగా ఊదినవాడి గీతలు ఒకదాని మీద ఒకటి పడతాయి." వెనక నిలబడి విన్న అమూల్య బయటికి వెళ్ళింది. నేను ల్యాబ్‌కు వచ్చేసరికి మొండయ్య ఫైలు తెరిచి కూర్చుని ఉంది.

"సార్, ఒక్క గీతనే కనవడ్తుంది," అంది.

పెద్దది చేసి చూశాను. మూడూ ఉన్నాయి. వెంట్రుకవాసి తేడా లేదు.

ఆయన ఇచ్చిన నంబరు పనిచేయలేదు. అమూల్య క్వార్టర్ దాకా వెళ్ళింది. తాళం. సెలవు పెట్టి బోథ్ దిక్కు ఏదో ఊరికి పోయారన్నారు, ఏ ఊరో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత ఆమె గొంతు పడిపోయింది. రోగులకు "ఊదండి" అని మెల్లగా చెప్పి తల వంచుకునేది. ఒక మధ్యాహ్నం ఫ్యాన్ గాలికి గొట్టంలోని చిన్న చక్రం తిరిగి, తెర మీద ఒక గీత లేచి ఆగిపోయింది. ఖాళీ కుర్చీని చూస్తూ "గింతే వస్తుంది సార్" అంది ఆ పిల్ల. ఫ్యాన్ గాలేనని నాకు తెలుసు, అయినా ఆ కుర్చీలో కూర్చోవడానికి ఇప్పటికీ భయమే.

నాలుగు నెలలకు చంద్రవ్వ ఒక్కతే వచ్చింది. నుదుట బొట్టు లేదు.

"కాయితాల కోసం రాలే సారూ. ఒక్క మాట అడుగుదామని వచ్చిన. మా ఆయన గా దినం నిజంగనే దొంగ ఊదుడు ఊదిండా?"

నేను అమూల్యకు వద్దని కళ్ళతో సైగ చేశాను. అవును, చేశాను. నా సంతకం, నా ఉద్యోగం గుర్తొచ్చాయి. అమూల్య నా వైపు చూడనే లేదు.

"లేదవ్వా. మూడుసార్లు ఉన్నదంత ఊదిండు. నేనే నమ్మలే. తప్పు నాది," అని ఆమె కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చింది.

"నాది కూడా," అన్నాను నేను, ఆలస్యంగా.

చంద్రవ్వ తిట్టినా బాగుండును, కొట్టినా బాగుండును అనిపించింది. ఆమె మాత్రం అమూల్య తల మీద చెయ్యి వేసింది.

"దమ్మస్తలేదే, ఊపిరాడ్తలేదే అని ఆయన మొత్తుకుంటుంటే, దావఖానల ఆడిన నాటకం నా ముంగట గూడ ఆడుతున్నవా అని తిట్టిన బిడ్డా. నువ్వు ఒక్క పూట నమ్మలే. నేను ఆయన సచ్చేదాక నమ్మలే."