తలుపు వెనక గీతలు

ఆ కుట్టు ఫ్యాక్టరీలో అందరూ ఆమెను కత్తెరక్క అనే పిలుస్తారు. నిజానికి ఆమె కత్తెర వదిలి పదిహేనేళ్ళయింది. ఇప్పుడు చేతిలో ఉండేది కరెంటు కత్తి. పొడవాటి బల్ల మీద ఎనభై పొరల బట్ట పరిచి, పైన అట్ట నమూనాలు పెట్టి సుద్దతో గీసి, ఎడమ చేతికి ఇనుప గ్లవ్ తొడుక్కుని ఆ గీతల వెంట కత్తిని నడిపించడం ఆమె పని. అంగుళం పక్కకు పోయిందంటే ఎనభై స్కూలు ప్యాంట్లు పీలికలైపోతాయి. ఆమెకు ముందు ఆ బల్ల దగ్గర నిలబడ్డవాళ్ళందరూ మగవాళ్ళే. "ఆడమనిషి చేతికి కత్తా?" అని అప్పట్లో మూతి విరిచినవాళ్ళు, ఆ తర్వాత తమ పిల్లలకు ఆమె కోసిన ప్యాంట్లే తొడిగారు.

కటింగ్ గదిలో ఫ్యాను ఉండదు. గాలి తగిలితే పై పొర లేస్తుంది, గీత జరిగిపోతుంది. ఇరవై రెండేళ్ళుగా ఆ ఉక్కలోనే పనిచేస్తూ ఆమె ఒక్కనాడూ ఫిర్యాదు చేయలేదు. కానీ నలభై ఎనిమిదో ఏట ఒంట్లోనే పొయ్యి రాజుకుంటుందని ఆమెకు ఎవరు చెప్పారు గనక?

ఉన్నట్టుండి గుండెల దగ్గర మొదలయ్యేది. మెడ మీదుగా చెవుల దాకా సెగ పాకేది. ముఖం కందిపోయి, జాకెట్టు తడిసి, నిమిషం తిరిగేసరికి ఒళ్ళు చల్లబడి వణుకు. నెలసరి రెండు నెలలు మొహం చాటేసి, మూడో నెల వడ్డీతో సహా వచ్చిపడేది. నిద్ర సరేసరి. ఇంట్లో ఫ్యాను కోసం మొగుడూపెళ్ళాల మధ్య రోజూ పంచాయితీయే. పంపులు రిపేరు చేసే ఆ మనిషి దుప్పటి తల మీదికి లాక్కుంటూ, "నీ ఒంట్లో మోటారు వేడెక్కిందే, ఎవరికైనా చూపించు" అనేవాడు. ఆమె విననట్టు ఊరుకునేది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. ఇలాంటివి పైకి చెప్పుకునేవా అని ఆమె లెక్క.

అలా ఊరుకున్నందుకు ఒకరోజు కొంప మునగబోయింది. నీలం ప్యాంట్ల బట్ట పరచడమైంది, గీయడమైంది. స్విచ్చి వేసింది. కత్తి బట్టకు రెండు వేళ్ళ దూరంలో ఉండగా, బల్ల అవతలి కొసన నిలబడే ఆమె తోడికోడలు గట్టిగా అరిచింది.

"అక్కా, ఆగు! జేబు ఏదీ?"

జేబు నమూనా గోడకే వేలాడుతోంది. ఇరవై రెండేళ్ళలో ఎన్నడూ మరవని జేబు! కత్తెరక్క కత్తి ఆపి కిందకు చూసింది. ఆమె భయమంతా ఒక్కటే. వాళ్ళమ్మ కూడా చివరి రోజుల్లో ఒక్కొక్కటే మరిచిపోయింది. ముందు గరిటె ఎక్కడ పెట్టిందో మరిచింది, చివరికి కన్నకూతుర్ని పట్టుకుని "నువ్వెవరమ్మా?" అని అడిగింది. నాకూ అదే మొదలయిందా అని ఆమె గుండెలో రాయి పడింది.

మర్నాడే సెలవు పెట్టి లేడీ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. డాక్టరు అన్నీ విని నవ్వింది గానీ తీసిపారేసే నవ్వు కాదు.

"ముట్లుడిగే వయసమ్మా. నెలసరి పూర్తిగా ఆగిపోయేముందు కొన్నేళ్ళు ఇలా ఉంటుంది. ఆవిర్లు, చిరాకు, నిద్ర పట్టకపోవడం అన్నీ దాని చుట్టాలే."

"మతిమరుపు కూడానా?"

"అదీ వస్తుంది. దానికి తోడు నిద్ర లేకపోతే ఎవరి బుర్రయినా ఏం పనిచేస్తుంది? ఊరికే ఊహించుకోవడం ఎందుకు, పరీక్షలు చేద్దాం. మరీ ఎక్కువగా అవుతోందన్నారు, రక్తం తగ్గిందేమో చూడాలి, స్కానింగూ చేయించాలి. మందులున్నాయి. పళ్ళు బిగపట్టి భరించాల్సిన పనేం లేదు. ఈ నెలంతా ఆవిరి వచ్చినప్పుడల్లా రాసిపెట్టండి, ఎన్నిసార్లో తెలియాలి."

స్కానింగులో భయపడాల్సిందేమీ కనబడలేదు. రక్తం మాత్రం బాగా తగ్గింది. మాత్రలిచ్చారు. వాళ్ళమ్మ సంగతి మాత్రం కత్తెరక్క డాక్టరుకు చెప్పలేదు. అడిగితే ఏ జవాబు వస్తుందోనని భయం.

ఇక రాయడం. కటింగ్ గదిలో కాగితం పెట్టుకుంటే నమూనాల్లో కలిసిపోతుంది, పైగా ఎవరి కంటయినా పడితే పరువు పోతుంది. సుద్ద మాత్రం ఎప్పుడూ ఏప్రాన్ జేబులోనే ఉంటుంది. కటింగ్ గది పక్కనే బట్ట తాన్లు పెట్టే మసక గది ఉంది, లోపల ఒక్కటే కిటికీ. దాని తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. ఆవిరి వచ్చినప్పుడల్లా ఆమె కత్తి ఆపి, లోపలికి వెళ్ళి, చల్లటి గోడకు ఓ నిమిషం ఆనుకుని, తలుపు వెనక ఒక గీత గీసి వచ్చేది. రోజుకో వరస.

పది రోజులు సజావుగా నడిచింది. రోజుకు నాలుగో ఐదో. పదకొండో రోజు సాయంత్రం చూస్తే తొమ్మిది గీతలున్నాయి. ఆమెకు గుర్తున్నవి ఐదే. మర్నాడు పది. తన మీద తనకే అనుమానమొచ్చి కొత్త పద్ధతి పెట్టుకుంది. గీత గీసినప్పుడల్లా ఎడమ జేబులోంచి ఒక గుండుసూదిని కుడి జేబులోకి మార్చడం. సాయంత్రానికి కుడి జేబులో ఐదు సూదులు. తలుపు మీద తొమ్మిది గీతలు. "సూది మార్చడం కూడా మరిచిపోతున్నానన్నమాట" అనుకుంది. భయం ఒకసారి నెత్తికెక్కితే లెక్కలన్నీ దాని పక్షానే తేలతాయి.

వారం ఓర్చుకుంది. శుక్రవారం మేనేజరు ముందు నిలబడింది.

"సార్, నాకు కత్తి వద్దు. ఇంకేదైనా పని ఇవ్వండి."

కారణం అడుగుతాడేమోనని గుండె దిటవు చేసుకుంది. ఆయన అడగలేదు. జేబు సంగతి అప్పటికే ఆయన చెవిన పడింది. "మంచిదేనమ్మా. సోమవారం నుంచి రెండో షిఫ్టు కటింగ్ మాస్టర్ వస్తాడు. నువ్వు బొత్తాల దగ్గర కూర్చుని చేసుకో" అన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. అదే ఎక్కువ కోసింది.

ఇంటికెళ్ళి చెప్తే మొగుడు చేతిలో స్పానర్ పక్కన పెట్టాడు. "వాళ్ళు పంపారా, నువ్వడిగావా?"

"నేనే అడిగాను. అమ్మలా అయిపోతున్నాను నేను" అని భోరుమంది.

ఆ మనిషికి ఓదార్చడం రాదు. "మీ అమ్మకప్పుడు డెబ్బై ఎనిమిది. నీకు నలభై ఎనిమిది. నువ్వు మరిచిపోయింది ఒక్క జేబు. పదిసార్లు కొలిస్తే గానీ గుడ్డ కొయ్యవు కదా, నీ గురించి మాత్రం ఒక్కసారన్నా సరిగ్గా కొలిచావా?" అన్నాడు.

శనివారం భోజనాల వేళ, ఎవరూ లేనప్పుడు, కత్తెరక్క తడిగుడ్డ తీసుకుని తాన్ల గదిలోకి వెళ్ళింది. పోయేముందు ఆ గీతలు తుడిచేయాలని. ఆ రోజుకు ఆమె జేబులో మూడు సూదులు, తలుపు మీద ఏడు గీతలు. పై వరసలో గుడ్డ ఆనించిందో లేదో, వెనకనుంచి ఒక గొంతు గద్దించింది.

"ఏయ్, ఆగు! నావి కూడా చెరిపేస్తావేంటి?"

ఆ గొంతు విజిలమ్మది. కుట్టు లైన్లన్నిటికీ సూపర్వైజరు, మెడలో విజిల్. బాత్రూంలో మూడు నిమిషాలు దాటితే చాలు, విజిల్ మోగుతుంది. యాభై ఒక్కేళ్ళ ఆ మనిషిని చూస్తే మిషన్లు కూడా తడబడతాయని అందరూ నవ్వుకుంటారు. ఆ విజిలమ్మ ఇప్పుడు తేలు కుట్టిన దొంగలా నిలబడి ఉంది.

"నీవా?" అంది కత్తెరక్క.

"నువ్వు ఎర్రటి మొహంతో లోపలికెళ్ళి, తుడుచుకుంటూ బయటికి రావడం చూశాను. వచ్చి చూస్తే గీతలున్నాయి. నాకు అర్థమైపోయింది. నాకూ వస్తున్నాయి కదా. ఎవరితో చెప్పుకోను? నేనూ ఒకటి గీశాను. ఎందుకో ప్రాణం తేలికపడింది."

కత్తెరక్క తడిగుడ్డతోనే ఆమె భుజాలు పట్టుకుని కుదిపేసింది. "వారం పైనుంచి నాకు మతి పోయిందనుకుని చస్తున్నానే నేను! కత్తి కూడా ఇచ్చేశాను!" తిట్టిందో నవ్విందో ఆమెకే తెలియలేదు. కళ్ళనీళ్ళు మాత్రం జలజలా రాలాయి. తన బుర్ర తన దగ్గరే ఉంది. సూదులే నిజం చెప్పాయి.

కాసేపటికి విజిలమ్మ తలుపుకేసి తేరిపార చూసింది. "ఇవాళ నావి రెండే. నీవి మూడు. మరి మిగతా రెండూ ఎవరివి?"

ఇద్దరూ తాన్ల వెనక నక్కారు. ఇద్దరి వయసూ కలిపితే వందకు ఒకటి తక్కువ, చేసేది దొంగాట. భోజనాలవుతుండగా తలుపు కిర్రుమంది. వచ్చింది బొత్తాలు కుట్టే పిన్ని. నోట్లో నువ్వుగింజ నానని మనిషి, ఈ సంగతి మాత్రం ఇన్నాళ్ళూ నాననిచ్చింది. జేబులోంచి సుద్దముక్క తీసి గీత గీసి, ఏప్రాన్ అంచుతో విసురుకుంటూ నిలబడింది. ఆమె వెనకే టీలు ఇచ్చే క్యాంటీన్ పెద్దమ్మ వచ్చి, "నువ్వు కూడానా?" అని నోరు తెరిచింది. తాన్ల వెనకనుంచి నవ్వు ఆగలేదు.

నలుగురూ బట్ట తాన్ల మీద కూలబడ్డారు. మాటలు గండి పడినట్టు వచ్చాయి. పిన్నికి మూడేళ్ళుగా కీళ్ళనొప్పులు, పెద్దమ్మకు గుండెదడ. ఒక్కరూ డాక్టరు గడప తొక్కలేదు. "సోమవారం సాయంత్రం నాతో రండి. గుండెదడంటే ఊరికే వయసని కూర్చుంటే కుదరదు" అంది కత్తెరక్క.

విజిలమ్మ తలొంచుకుంది. "మీరు బాత్రూంకి వెళ్తే విజిల్ వేసేదాన్ని. నేను వెళ్తే వేసేవాళ్ళు లేరు. అంతే తేడా. ఇక వెయ్యను."

"నువ్వు మానేస్తే సరిపోదు. అడగందే అమ్మయినా పెట్టదు. మేనేజర్ని అడుగుదాం" అంది కత్తెరక్క లేస్తూ.

"ఏమని చెప్తాం? నాకు నోరు రాదు" అంది పిన్ని. అందరూ ఆమె మొహం చూశారు.

"చెప్పొద్దు. చూపిద్దాం." కత్తెరక్క తోడికోడల్ని కేకేసి స్క్రూడ్రైవర్ తెప్పించింది. తలుపు మడతబందుల మరలు ఒక్కొక్కటే విప్పింది. ఐదుగురూ తలో చెయ్యి వేసి, లైన్లన్నీ నోళ్ళు వెళ్ళబెట్టి చూస్తుండగా, ఆ తలుపు మోసుకెళ్ళి మేనేజరు బల్లకు ఆనించి నిలబెట్టారు.

"ఏంటిది?" అన్నాడాయన.

"తలుపు సార్" అంది కత్తెరక్క. "గీతలు చూడండి. ఒక్కో గీత మా ఒంట్లో ఒక్కో మంట. మూడు వారాలవి. అన్నిటి మధ్యా మీ పని ఒక్కరోజు ఆగలేదు. కటింగ్ గదిలో గోడ పైన గాలి బయటికి లాగే ఫ్యాను పెట్టించండి. అది బట్ట మీద కొట్టదు, నేను పూచీ. తాగేనీళ్ళు లోపలే ఉండాలి. బాత్రూంకి విజిల్ ఉండకూడదు. ఇంకోటి. నిన్న నేనిచ్చిన కత్తి నాకు తిరిగి కావాలి."

"మరి ఆ రోజు జేబు..."

"మరిచాను. నిజమే. ఇకనుంచి కత్తి పెట్టేముందు ఇద్దరం పైకి చదువుకుంటాం. మగ మాస్టర్ మరిచినప్పుడు మీరు బొత్తాల దగ్గరికి పంపారా సార్?"

ఆయన లేచి తలుపు దగ్గరికి వచ్చి గీతల వెంట వేలు పోనిచ్చాడు. గొంతు తగ్గించి, "ఈ వయసులో అందరికీ ఇలాగే ఉంటుందా?" అని అడిగాడు.

"అది మమ్మల్ని కాదు బాబూ, ఇంటికెళ్ళి అడుగు" అంది పెద్దమ్మ.

ఫ్యాను పదిహేను రోజుల్లో పెట్టిస్తానన్నాడు, సోమవారం నుంచి కత్తి నువ్వే పట్టుకోమన్నాడు. తలుపు మాత్రం యజమానికి చూపించాలని అక్కడే ఉంచుకున్నాడు.

సోమవారం కత్తెరక్క ఇనుప గ్లవ్ తొడుక్కుంది. "ముందు భాగం?" అని పైకి అడిగింది. "ఉంది" అంది తోడికోడలు. "వెనక?" "ఉంది." "నడుం పట్టీ?" "ఉంది." "జేబు?" తోడికోడలు నవ్వింది. "బ్రహ్మాండంగా ఉందక్కా."

సగం కోసేసరికి గుండెల దగ్గర సెగ మొదలైంది. కత్తి ఆపి తాన్ల గది గుమ్మం దగ్గరికి నడిచింది. తలుపు లేని గుమ్మం. లోపలి కిటికీలోంచి ఇన్నేళ్ళూ ఆ తలుపు ఆపేసిన గాలి నేరుగా వచ్చి ముఖానికి తగిలింది. ఈసారి ముందే అంచుల మీద ఇనుప దిమ్మలు పెట్టిన బట్ట కదల్లేదు. ఆమె తీరిగ్గా నిలబడింది. విజిల్ మోగలేదు.

సెగ తగ్గాక తిరిగొచ్చి మిగతా సగం కోసింది. అట్టడుగున ఉన్న ఎనభయ్యో ముక్కను తీసి మొదటి ముక్క మీద పెట్టి చూసింది. అంచుకు అంచు సరిపోయింది.

"రేపు వడ్రంగి తలుపు పట్టుకుని వస్తాడట అక్కా, మేనేజరు చెప్పాడు" అంది తోడికోడలు.

"రానీ" అంది కత్తెరక్క, ఇంకో ఎనభై పొరలకు బట్ట లాగుతూ. "వచ్చినవాడికి టీ ఇచ్చి పంపించు. ఆ తలుపు మాత్రం మళ్ళీ ఇక్కడ ఎక్కదు."