లోయలో ఊదా పువ్వు

వానలు తగ్గే రోజుల్ల బెల్లంపల్లి నుంచి మా చెల్లె ఒక ఫొటో పంపింది. నిర్మల్ దాటినంక అడవిల ఉన్న జలపాతం కాడికి వాళ్ల బడి టీచర్లు పిక్నిక్ పోయిండ్రట. ఎవరిదో చెప్పు పక్కన చిన్న ఊదా పువ్వు. ఏండ్లకేండ్లు కాలేజీల బాటనీ చెప్పినదాన్ని, నాకు మనసు ఆగలే. చేన్లల్ల కలుపుగ పెరిగే ఎన్నాద్రికి చుట్టమే గని ఎన్నాద్రి కాదు. ఆదివారం చెల్లె, నేను ఇద్దరం ఆడికి పోయినం.

తడి బండలు పట్టుకొని లోయలకు దిగుతుంటెనే కంపు కొట్టింది. బీరు సీసాలు, నానిన బిర్యానీ ప్లేట్లు, కోడి బొక్కలు. నీళ్లు కారే బండకు ఒక డైపర్ ఉబ్బి అతుక్కొని ఉంది. దాని కిందనే మొక్క. ముక్కుకు కొంగు కట్టుకొని పుల్లతోని డైపర్‌ను పక్కకు నూకిన.

భూతద్దం పెట్టి చూసిన. ఎన్నాద్రికి రెండు రేకులే పెద్దగ కనవడతయి, కేసరాలకు నూగుండదు. దీనికి మూడు రేకులూ సమానం. ఆరు కేసరాలకూ దూది లెక్క ఊదా నూగు.

"సయనోటిస్!" అని దాని పేరు గట్టిగ అన్న.

పక్క బండ మీద తాగుతున్న నలుగురైదుగురు మొగోళ్లు ఇటు తిరిగిండ్రు. ఒకాయన దిగొచ్చిండు. "ఏం మొక్క మేడం? షుగర్‌కు పనికొస్తదా?"

"దేనికీ పనికిరాదు."

నవ్విండు. "పనికిరాని దానికి గింత దూరం వస్తరా? మాకు చెప్తలేరు గంతే."

ఆకు తెంపి నమిలిండు, బండ మీదనే ఉమ్మిండు. చెల్లె "అన్నా, ముట్టకు!" అని మొత్తుకుంటనే ఉంది. ఆయన గుబురును వేర్లతోని పీకి ఖాళీ చిప్స్ ప్యాకెట్ల కుక్కుకున్నడు. మిగిలినోళ్లు సుత దిగొచ్చి దొరికింది దొరికినట్టు పీకిండ్రు. నాకు కోపం గూడ రాలే. వాళ్ల చేతులను, ఆ ఉమ్మిని చూస్తుంటె ఒళ్లంత జలదరించింది.

వాళ్లు పోయినంక రాలిపడ్డ తీగ ముక్క ఒకటి దొరికింది. వేర్లొచ్చే కణుపు మట్టిల మునిగేటట్టు, బండల నడుమ చేతికందనంత లోపలి సందుల పుల్లతోని నూకి పెట్టిన. బతుకుతదో లేదో తెల్వది.

రోడ్డు మీదికొచ్చినంక చెల్లె పులిహోర డబ్బా తీసింది. "జర తిను అక్కా."

చేతులు రెండుసార్లు కడుక్కున్న. అయినా ముద్ద నోట్లె పెట్టుకోలేకపోయిన.