నేను వాయించని వయొలిన్

దయ్యాల కబుర్లంటే నాకు నవ్వొచ్చేది. మా అత్తగారు భయంభయంగా చెబుతుంటే పకపకా నవ్వి ఆవిడ చేత చివాట్లు తిన్నదాన్ని. ఇది చెప్పేటప్పుడు మాత్రం నాకు నవ్వు రాదు.

తొంభైల్లో మా ఆయన ఉద్యోగం దోహాలో. మదీనత్ ఖలీఫా అనే పేటలో ఉండేవాళ్ళం. పక్కింట్లో లిన్ అని చైనా ఆవిడ. ఎర్హు వాయించేది. దానికి రెండే తీగలు, ఒళ్ళో నిలబెట్టుకుని కమానుతో వాయిస్తారు. నాది కర్ణాటక వయొలిన్. మా వీధిలోనే ఉండే ఇంగ్లీషు మేష్టారిది చెల్లో, నేలకి ఆనించి వాయించే పెద్ద వయొలిన్ లాంటిది. మూడింటికీ కలిపి ఒక కొత్త రచన కట్టి కచేరీ చేద్దామనుకున్నాం. నేను రాగం అల్లితే లిన్ దాన్ని తన బాణీలోకి తిప్పేది, మేష్టారు కింది స్వరాలు కూర్చేవారు. పెళ్ళయ్యాక మూలపడ్డ వాద్యం మళ్ళీ చేతికొచ్చిందని లిన్ ఎంత మురిసిపోయేదో!

మా పక్కవాద్యం వాళ్ళకి ఒక అలవాటు. పాడేవాళ్ళు ఒక సంగతి పాడగానే వెనకాలే అందుకుంటాం. వాళ్ళు తడబడితే కప్పేస్తాం. లిన్ వాయిస్తుంటే నా చెయ్యి ఊరుకునేది కాదు. ఆవిడ విసుక్కునేది. "ఇక్కడ ఖాళీ వదిలెయ్. ఖాళీ కూడా పాటే" అంది వచ్చీరాని ఇంగ్లీషులో. సరేనని ఆ చోట్ల వయొలిన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. చప్పుడు పడకూడదని ఏసీ ఆపేసి, చెమటలు కక్కుతూ క్యాసెట్‌లో రికార్డు చేశాం.

తర్వాత వింటే, నేను వదిలిన ఖాళీల్లో వయొలిన్ ఉంది. సన్నగా, ఎర్హు వెనకాలే అందుకుంటూ. గమకం అచ్చం నాదే.

పాత రికార్డింగ్ చెరగలేదేమో అన్నారు మేష్టారు. మా ఆయనైతే, "నువ్వే వాయించి మర్చిపోయుంటావు. పొయ్యి మీద పాలు మర్చిపోవూ?" అన్నారు.

కొత్త క్యాసెట్ పెట్టాం. అందులోనూ ఉంది. ఈసారి వెనకాల కాదు, ఎర్హుతో సమానంగా. ఆ తర్వాతి క్యాసెట్లో ఎర్హు కంటే ముందే. చివరి భాగంలోనైతే ఎర్హు లేనే లేదు, వయొలిన్ ఒక్కటే. లిన్ ఆఖరిదాకా వాయించడం నేను ఎదురుగా కూర్చుని చూశాను.

కచేరీ మానేద్దామని బతిమాలాను. "ఇన్నేళ్ళకి నలుగురి ముందూ వాయిస్తున్నాను. నీ దయ్యానికి కూడా ఒక కుర్చీ వేయించు" అని లిన్ నవ్వేసింది.

కచేరీ ఒక స్కూలు హాల్లో జరిగింది. సరిగ్గా ఆ చివరి భాగంలో లిన్ కుడిచెయ్యి జారిపోయింది. ఎర్హు కమాను రెండు తీగల మధ్య ఉంటుంది కాబట్టి కింద పడకుండా వేలాడింది. అప్పుడు నాది ఖాళీ. వయొలిన్ నా ఒళ్ళో ఉంది.

అయినా హాలంతా వయొలిన్ వినిపించింది. మేష్టారు తల వంచుకుని దానితో పాటే వాయించుకుంటూ పోయారు. ముగింపు దాకా వెళ్ళి ఆగింది. చప్పట్లు కొట్టారు.

ఎంత బాగా కప్పేశారండీ అని అందరూ నన్నే మెచ్చుకున్నారు. ముందు వరసలో కూర్చున్న మా ఆయన మాత్రం నా చేతుల వంకే చూస్తూ ఉండిపోయారు. పాల సంగతి మళ్ళీ ఎత్తలేదు.

లిన్‌కి వచ్చింది పక్షవాతం. ఆ చేత్తో మళ్ళీ కమాను పట్టలేదు. ఆసుపత్రిలో ఎడమచేత్తో నా చెయ్యి పట్టుకుని, పాటని చివరిదాకా తీసుకెళ్ళావని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆవిడ కళ్ళు తుడిచాను గానీ, నేను కాదని చెప్పలేదు. అది ఆవిడకి సాయం వచ్చిందో, ఆవిడ చెయ్యి తీసుకుపోవడానికే వచ్చిందో నాకు ఈనాటికీ తెలీదు.