సీసాలమ్మ కూతురి మెయిన్ సబ్జెక్టు

కళాశాల రసాయనశాలలో సీసాలు కడిగే ఆవిడకు హాజరుపట్టీలో ఒక పేరుండేది గాని, ఆ పేరుతో పిలిస్తే ఆవిడ వెంటనే పలికేది కాదు. ఇరవై ఆరేళ్లుగా విద్యార్థులకూ, అధ్యాపకులకూ, సెలవు చీటీ మీద ముద్ర కొట్టే గుమాస్తాకూ ఆవిడ సీసాలమ్మే.

వ్యాకరణంలో కర్మణి వాక్యమని ఒకటుంది. ‘సీసాలు కడగబడినవి’ అంటాము. కడిగినది ఎవరో చెప్పము. వాక్యం తన కాళ్ల మీద తాను చక్కగా నిలబడుతుంది, కర్త మాత్రం ఎక్కడా కనబడడు. ప్రయోగశాలల్లో అటెండర్ల బతుకు చాలావరకు అటువంటి వాక్యమే. సీసాలమ్మ మాత్రం అందులో ఇమడలేదు. దానికి కారణం ఆవిడ కన్ను.

ప్రయోగం ముగిశాక ఎవరి పరీక్షనాళిక వారే కడిగి స్టాండులో బోర్లించి పోవాలన్నది అక్కడి నియమం. వారు వెళ్లిన తరువాత సీసాలమ్మ ఒక్కొక్క నాళికనూ తీసి, నీళ్లు పోసి వంచి, కిటికీ వెలుతురులో తిప్పి చూసేది. శుభ్రమైన గాజు మీద నీరు పలుచని పొరలా జారిపోతుంది. కాస్త జిడ్డు మిగిలినా ఆ చోట చుక్కలు కట్టి నిలుస్తుంది. ఆ చుక్కలను బట్టి, కడిగిన చెయ్యి ఎవరిదో, ఆ చేతి వెనకాల మనసు ఎటువంటిదో ఆవిడ చెప్పగలిగేది.

ఆ కళాశాలలో మొదటి సంవత్సరం అందరికీ అన్ని పాఠాలూ ఉండేవి. రెండవ సంవత్సరం నుంచి ఒక్కటే మెయిన్ సబ్జెక్టు. ఒకసారి ఫారం మీద రాసి ఇచ్చాక మార్చుకునే వీలు లేదు. అందుచేత ఏడాది చివర పిల్లలు ప్రిన్సిపాలు గదికంటె ముందు సీసాలమ్మ తొట్టి దగ్గరికి వచ్చేవారు. సీసాలన్నిటినీ పొడవు ప్రకారం పేర్చి, చీటీల మీద ముత్యాల్లాంటి అక్షరాలు రాసిన ఒక కుర్రవాణ్ని ఆవిడ గ్రంథాలయ శాస్త్రానికి పంపింది. కడుగుతూ కడుగుతూ పక్కవాళ్ల ఇంటి సంగతులన్నీ రాబట్టిన అమ్మాయికి సమాజశాస్త్రం తీసుకోమంది. ఏడాది పొడుగునా ఒక్క సీసా కూడా ముట్టుకోకుండా, ఎవరికీ కోపం రాకుండా, తన వంతు పని నలుగురిచేత చేయించిన మహానుభావుడితో, ‘నీకు ఆలోచనెందుకు నాయనా, రాజనీతిశాస్త్రం నీకోసమే పెట్టారు’ అన్నది.

ఆవిడ లెక్క తప్పేదే కాదని ఎవరూ అనుకోవద్దు. రసాయనశాస్త్రం నీకు పనికిరాదు పొమ్మని ఆవిడ చెప్పిన ఒక మనిషి, రెండు వీధుల అవతలి కళాశాలలో అదే శాస్త్రం పన్నెండేళ్లుగా బోధిస్తున్నాడు. ఎదురుపడినప్పుడల్లా అతడు చేతులు జోడించి, అవసరానికి మించిన మర్యాదతో, ‘బాగున్నారా అమ్మా’ అని అడిగేవాడు. ఆవిడ కూడా అంతే మర్యాదగా బాగున్నానని చెప్పి, ఆ రోజంతా ముభావంగా ఉండేది.

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. అందరి పిల్లలకూ దారి చెప్పిన సీసాలమ్మకు సొంత కూతురి దగ్గరే చిక్కు వచ్చింది. ఆ పిల్ల అదే కళాశాలలో మొదటి సంవత్సరం ముగించింది. రసాయనశాస్త్రమే మెయిన్‌గా తీసుకోవాలని దాని పట్టుదల. ఫారం ఇవ్వడానికి శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలు గడువు. ఇక ఆ పిల్ల కడిగిన నాళికలంటారా, నిండా చుక్కలే. ఏడాది పొడుగునా వాటిని తల్లి చూస్తూనే ఉంది. ఎవరి కంటా పడకుండా తానే మళ్లీ కడిగి పెడుతూనే ఉంది.

సోమవారం భోజనాల దగ్గర సీసాలమ్మ తీర్పు చెప్పేసింది. గణాంకశాస్త్రంలో మంచి మార్కులు వచ్చాయి కాబట్టి అదే తీసుకోవాలి. రసాయనశాలకు కావలసిన చెయ్యి దేవుడు అందరికీ ఇవ్వడు, ఇవ్వనందుకు బాధపడనూ కూడదు. పిల్ల మాట్లాడలేదు. మంగళవారమూ మాట్లాడలేదు. తల్లి మాట తప్పు అని తోస్తే పోట్లాడి ఉండేది. నిజమేనేమోనని లోపల భయం పట్టుకున్నందువల్లనే అది నోరు మెదపలేకపోయింది. ఫారంలో ఆ ఒక్క గడి తప్ప తక్కినవన్నీ నింపి, బల్ల మీద పెట్టుకుని కూర్చునేది.

సీసాలమ్మ భర్త దర్జీ. బడిపిల్లల చొక్కాలు కుట్టేవాడు. మితభాషి. బుధవారం నాడు మిషను తొక్కడం ఆపి, “ఏమే, కొలతలు నీవి తీసుకుని చొక్కా దానికి కుడుతున్నావు. ఎలా పడుతుంది?” అన్నాడు.

తాను చూసిందే చెబుతున్నానని ఆవిడ దబాయించింది. ఆవిడ పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు. కావాలంటే రేపు వచ్చి, దానిచేత నాలుగు నాళికలు కడిగించి చూసుకోమన్నది.

అప్పుడు పిల్ల నోరు విప్పింది. “అమ్మా, నాకు ఊహ తెలిసినప్పటినుంచీ నేను కడిగిన పళ్లెం ఒక్కటైనా నువ్వు మళ్లీ కడక్కుండా వదిలావా?”

“జిడ్డు పోకపోతే కడగొద్దా?”

“పోయిందో లేదో నన్నెప్పుడు చూడనిచ్చావు? నా చేతిలోంచి తడి పళ్లెమే లాక్కునేదానివి. వెనకాల నువ్వున్నావని తెలిశాక ఎవరు మాత్రం గట్టిగా తోముతారే?”

దర్జీ దగ్గాడు. అది నవ్వును కప్పిపుచ్చే దగ్గు. “నా చేత పళ్లు కూడా రెండోసారి తోమించింది, పెళ్లయిన కొత్తలో,” అన్నాడు, ఎవరితోనూ కాకుండా.

ఇక్కడ ఒక మాట. పిల్లవాడు వాక్యం ముగించకముందే తప్పు దిద్దే ఉపాధ్యాయులు కొందరుంటారు. వారి తరగతిలో తప్పులు తక్కువే. వాక్యాలు కూడా తక్కువే. ఆ తొందరలో ప్రేమ లేదని ఎవరనగలరు? కానీ వాక్యాలు ఎందుకు తగ్గాయో దిద్దిన చేతికి తెలియడానికి ఒక్కొక్కసారి ఉద్యోగకాలం మొత్తం పడుతుంది. సీసాలమ్మకు ఒక రాత్రి పట్టింది.

గురువారం ఉదయం ఆవిడ రసాయనశాస్త్రం మేడమ్ దగ్గర అనుమతి తీసుకుని, పరీక్షల నాటి నుంచి మిగిలిపోయిన నలభై నాళికలు తొట్టిలో పెట్టింది. బ్రష్షు, సోడా, శుభ్రమైన నీళ్ల డబ్బా కూతురికి అప్పగించింది. అడిగితే తప్ప లోపలికి రానని చెప్పి వరండాలో బెంచీ మీద కూర్చుంది.

ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో అంత కష్టమైన పని ఆవిడ చేయలేదు. కుళాయి చప్పుడు వినబడుతోంది. నీళ్లు మరీ ఎక్కువ వదులుతోందని చెవికే తెలిసిపోతోంది. బ్రష్షు గాజును గట్టిగా తాకినప్పుడల్లా ఆవిడ భుజం ఎగిరిపడుతోంది. రెండుసార్లు లేచి, రెండుసార్లూ కూర్చుంది. భౌతికశాస్త్రం గదిలో పనిచేసే ముసలాయన అటుగా వెళుతూ ఆ వాలకం చూసి ఆగాడు.

“ఏం సీసాలమ్మా, ఆసుపత్రి గుమ్మం ముందు కూర్చున్నట్టున్నావు. కాన్పు ఎవరికి?”

“నాకే, బాబాయ్,” అన్నది సీసాలమ్మ.

రెండు గంటల తరువాత పిలుపు వచ్చింది. పిల్ల వేలికొసలు నాని ముడుతలు పడ్డాయి. చొక్కా ముందుభాగం తడిసి ముద్దయింది. స్టాండులో ముప్ఫయ్యారు నాళికలు బోర్లించి ఉన్నాయి. సీసాలమ్మ ఒక్కొక్కటే కిటికీ దగ్గరికి తీసుకుపోయింది. అన్నిటి మీదా నీరు పొరలా జారింది. తక్కిన నాలుగూ విడిగా ఒక కాగితం మీద ఉన్నాయి. ఆ కాగితం మీద ‘ఇవి పోలేదు’ అని పెన్సిలుతో రాసి ఉంది. పోయాయని చెప్పి స్టాండులో కలిపేసే పిల్లలను ఆవిడ వందలమందిని చూసింది. విడిగా తీసి పెట్టినవారిని వేళ్ల మీద లెక్కించవచ్చు.

ఆ నాలుగింటిలో మూడింటికి ఇనుము మరకలు. నాలుగవది పరిశుభ్రంగా మెరుస్తోంది.

“దీనికేమయింది?”

“కంటికేమీ కనపట్టం లేదు. మూడుసార్లు కడిగాను. అయినా నీళ్లు ఇక్కడొచ్చి నిలబడుతున్నాయి, చూడు. మనకి కనపడనిది నీళ్లకెలా తెలుస్తుందమ్మా?”

సీసాలమ్మ ఆ నాళికను కిటికీ వెలుతురులో తిప్పి చూసింది. ఆ చుక్కలను చూడడమే ఆవిడ విద్య. వాటిని బట్టి ఎందరెందరి భవిష్యత్తునో చెప్పింది. నీరు అక్కడే ఎందుకు చుక్క కడుతుందని ఎవరూ ఆవిడను అడగలేదు. ఆవిడా ఎవరినీ అడగలేదు.

“నాకు తెలీదే,” అన్నది. “సోడా ఎక్కువేసి ఇంకోసారి తోము.”

“తోమితే పోతుందిలే. పోయాక అదేంటో ఎలా తెలుస్తుంది?”

ఇద్దరూ ఆ నాళికతో మేడమ్ గదికి వెళ్లారు. మేడమ్ భోజనానికి ఇంటికి బయలుదేరుతూ సంచీ భుజాన వేసుకుని ఉన్నారు. నిలబడే రెండు ముక్కల్లో జవాబు చెప్పారు. పిల్ల ఇంకొకటి అడిగింది. మూడవ ప్రశ్నకు మేడమ్ సంచీ దించి, కుర్చీ లాక్కుని, సుద్దముక్క తీశారు. బోర్డు మీద గీసినదేదీ సీసాలమ్మకు బోధపడలేదు. ఆవిడ బోర్డు వైపు చూడనూ లేదు. పన్నెండేళ్ల తరువాత దొరికిన బంధువుతో మాట్లాడుతున్నట్టు వెలిగిపోతున్న కూతురి ముఖమే చూస్తూ నిలబడింది.

ఆ సాయంత్రం భర్తతో, ఇన్నేళ్లూ తాను పిల్లల చేతులే చూశానని చెప్పింది. ఆయన సూదిలో దారం ఎక్కిస్తూ ఊఁ కొట్టాడు.

శుక్రవారం మూడున్నరకు కార్యాలయం కిటికీ దగ్గర తల్లీకూతుళ్లు వరుసలో నిలబడ్డారు. ఫారం మీద ఖాళీగా ఉన్న గడిలో ‘రసాయనశాస్త్రం’ అని రాసి ఉంది. దాని కింద సీసాలమ్మ సంతకం చేసింది. గుమాస్తా కళ్లద్దాల పైనుంచి చూశాడు.

“అందరికీ చెప్తారుగా సీసాలమ్మా. మీ అమ్మాయికి ఇదే చెప్పారా?”

“లేదండీ, వేరేది చెప్పాను. నా మాట వినలేదు,” అన్నది ఆవిడ, బిడ్డకు మొదటి బహుమతి వచ్చిందని చెప్పే తల్లి గొంతుతో.

ముద్ర పడింది. గుమాస్తా రసీదు చింపి ఇచ్చాడు. చదువు పూర్తయ్యేదాకా జాగ్రత్త చేయాలని, పోతే ఇంకొకటి ఇవ్వరని హెచ్చరించాడు. పిల్ల అలవాటుగా దానిని తల్లి చేతికి అందించింది.

“నీ దగ్గరుంచమ్మా. నేనైతే పారేస్తాను.”

సీసాలమ్మ చెయ్యి సగం దాకా వచ్చి ఆగింది. “నీ రసీదు. నువ్వే ఉంచుకో,” అన్నది.

పిల్ల ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని, సంచీలోని ఒక నోటుపుస్తకం తెరిచి, పేజీల మధ్య పెట్టి, స్నేహితురాళ్ల వైపు పరుగెత్తింది. సీసాలమ్మ వెనకనే నిలబడి, ఏ రంగు అట్ట పుస్తకంలో పెట్టిందో మాత్రం గుర్తు పెట్టుకుంది.