ఎడమ చంకన పిల్లవాడు

అమ్మతోడు, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. దేశం సరిహద్దు దాటించే వుడ్‌ల్యాండ్స్ వంతెన మీద కోతి నన్ను పాస్‌పోర్టు అడిగిందని చెప్పినవాణ్ణే అయినా, ఈసారికి నమ్మండి. దయ్యాల మీద నాకెప్పుడూ నమ్మకం లేదు. అవే ఉంటే నేనిన్ని కల్పించాల్సిన పనేముంది?

ఈ పరాయి దేశంలో, బిషాన్ అనే పేటలో నేను అద్దెకున్న గది గోడకి మేరీమాత పటం ఉండేది. తల మీదుగా శాలువా, ఎడమ చంకన నిద్రపోతున్న పసివాడు. ఇంటావిడ రోజ్ ఆంటీ వాళ్ళు తాతలనాడే ఇక్కడికొచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళు.

"అది మేరీ కాదు లా," అందొకసారి, ఇక్కడివాళ్ళ అలవాటుగా మాట చివర 'లా' తగిలించి. "పందొమ్మిదో శతాబ్దంలో ఇటలీ పెయింటర్ ఒకాయన, వీధిలో తమ్ముణ్ణి ఎత్తుకు తిరిగే పిల్లని చూసి వేశాడట. జనమే మాతని చేసి దండం పెట్టారు. అసలు బొమ్మ ఎక్కడో పోయింది. ఇప్పుడున్నవన్నీ అచ్చేసిన కాపీలే."

ఆ రోజు నుంచి పటంలో నాకు మా అక్కే కనిపించేది. అమ్మ మిల్లు పనికి పోతే, నన్ను మోసుకుని తెనాలి వీధులన్నీ తిప్పింది అక్కే. చెయ్యి లాగినప్పుడల్లా "ఈ పక్కకి రారా, బండోడా" అంటూ చంక మార్చుకునేది.

నిరుడు అక్కకి పక్షవాతం వచ్చి గుంటూరు ఆస్పత్రిలో పడింది. నాకు మర్నాటి విమానం దొరికింది. అందాకా ఆగదేమోనని మధ్యాహ్నం మేనకోడలు ఫోన్ అక్క చెవి దగ్గర పెట్టింది. ఒక్కసారి నన్ను పిలిస్తే చాలనిపించింది.

"అక్కా, నేనే," అన్నాను.

కాసేపటికి, "ఈ పక్కకి రారా, బండోడా," అంది. సాయంత్రంలోపే పోయింది.

మధ్యాహ్నం గదిలో ఆ ఫోన్ పెట్టేసి తలెత్తితే, పటంలో పసివాడు కుడి చంకన ఉన్నాడు.

దింపి చూశాను. వెనక అంటించిన పాత కాగితం చిరగలేదు. మేకులు తుప్పుపట్టి కదలకుండా ఉన్నాయి. ఆంటీ కూతురి చిన్నప్పటి బర్త్‌డే ఫోటోలో వెనక ఇదే పటముంది. అందులో ఎడమ చంకే.

ఆంటీ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. నవ్వుతుందనుకున్నాను.

"పాపం, ఎన్నాళ్ళని ఒక పక్కే మోస్తాది?" అంది.

ఎలా మారిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

అమ్మతోడన్నాను కాబట్టి ఒకటి ఒప్పుకోవాలి. ఫోన్లో అక్క ఏమీ అనలేదు. ఊపిరి మాత్రం వినిపించింది. ఇందులో నేను కల్పించింది ఆ ఒక్క మాటే.