పన్నెండు గుడ్లగూబలు

తాళాలాయన కొట్లో ముక్కాలిపీట ఒక్కటే ఉంటుంది. దాని మీద నేను కూర్చుని, ఆయన చెబుతుంటే విన్నదీ, చివరికి కళ్ళారా చూసిందీ ఇది.

ఆయన చేసేవి ఇత్తడి తాళాలు. ప్రతి తాళం పొట్ట మీదా చిటికెనవేలి గోరంత గుడ్లగూబ. ముప్పై ఏళ్ళ కిందట భార్య బొగ్గుతో గోడ మీద గీస్తే, చూసి ఉక్కు అచ్చు చెక్కుకున్నాడు. "రాత్రంతా మేలుకునే పిట్ట. తాళానికి ఇంతకంటే ఏం కావాలయ్యా?" అందట ఆవిడ. ఆవిడ పోయింది, పిట్ట మిగిలింది.

ఆయనకో పట్టింపు ఉండేది. తన తాళం అరిగిపోయి ఎవరి తలుపుకీ వేలాడకూడదు. పాతది తెచ్చినవాళ్ళకు కొత్తది చవగ్గా ఇచ్చి, పాతదాన్ని ఆ సాయంత్రమే కొలిమిలో కరిగించేసేవాడు. "ముసలి తాళం పరువు తీస్తుంది" అనేవాడు.

కూతురి పోరు పడలేక ముద్రను రిజిస్టర్ చేయమని దరఖాస్తు పెట్టాడు. అది ట్రేడ్ మార్కుల పత్రికలో అచ్చయిన రెండో నెలలోనే ఒక పెద్ద తాళాల కంపెనీ అభ్యంతరం వేసింది. తమ గుడ్లగూబ పన్నెండేళ్ళ కిందటే రిజిస్టరయింది, ఈయనది అచ్చం దానిలాగే ఉంది, కొనేవాళ్ళు పొరబడతారు అని.

"నేను ముప్పై ఏళ్ళుగా కొడుతుంటే నాది దాని పోలికేంటమ్మా? తాతకి మనవడి పోలికొచ్చిందంటారా ఎక్కడైనా?" అన్నాడు లాయరమ్మతో.

"నిజమే బాబాయ్. కానీ వాళ్ళకంటే ముందునుంచీ వాడుతున్నట్టు తేదీ ఉన్న రుజువు కావాలి. బిల్లో, ప్రకటనో, పాత తాళమో."

బిల్లులివ్వడం ఆయన ఎరగడు. ప్రకటన అంటే ఆయన నోరే. పాత తాళాలంటారా, చేతికొచ్చినవన్నీ తనే కరిగించేశాడు.

తండ్రీకూతుళ్ళు వీధివీధీ తిరిగారు. ఒక ముసలావిడ ట్రంకుపెట్టెకు మాత్రం పాతది దొరికింది.

"మా పెద్దాడు పుట్టిన ఏడు కొన్నా. వాడికిప్పుడు బట్టతల. చాలదా సాక్ష్యం?" అందావిడ.

చాలదంది లాయరమ్మ. తాళం మీద తేదీ లేదు, ఒక్కరి జ్ఞాపకం నిలబడదు.

తిరిగొస్తూ ఆయన నడివీధిలో ఆగిపోయాడు. "అమ్మడూ, బడి!"

పాతికేళ్ళ కిందట బడికి పన్నెండు తాళాలు చేశాడు. హెడ్మాస్టరు కోరితే పిట్ట కింద సంవత్సరం కూడా కొట్టాడు. ఆయన జన్మలో అంకెలు వేసిన తాళాలు అవే.

బడి గుమాస్తా విని తెల్లబోయాడు. "అదేంటి మావయ్యా, నిరుడు మీరే వచ్చి అన్నీ పట్టుకుపోలేదూ? వద్దన్నా విన్నారా? చదువుకునే చోట ముసలి తాళాలేంటని నన్నే కోప్పడ్డారు కదా!" అని, తలుపుకున్న తాళాన్ని తట్టాడు. "కొత్తవి మాత్రం భలే ఉన్నాయి."

ఎన్నో తాళాలతో పాటు వాటినీ కరిగించిన సంగతి ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. దాన్ని అరచేతిలోకి తీసుకుని చూశాడు. పిట్ట ఉంది. కింద నున్నగా ఉంది.

నాలుగో వాయిదాకు దరఖాస్తు కొట్టేశారు. వెనకే కంపెనీ ఉత్తరం వచ్చింది, ఇకమీదట ఆ పిట్టను కొడితే కోర్టుకీడుస్తామని.

"అప్పీలుకి వెళ్ళినా ఈ వట్టి చేతులతోనే వెళ్ళాలి బాబాయ్" అంది లాయరమ్మ.

మర్నాడు నేను వెళ్ళేసరికి అచ్చును కొలిమిలో ఎర్రగా కాల్చి, ఉక్కు మెత్తబడేలా బూడిదలో చల్లారుస్తున్నాడు. చల్లారాక కూతురు ఆకురాయి అందుకోబోయింది.

"నువ్వు ముట్టుకోకు. మీ అమ్మ గీసింది."

తనే కూర్చుని అరగదీయసాగాడు. ముందు రెక్కలు పోయాయి, తర్వాత ముక్కు. కళ్ళు లోతుగా చెక్కినవి, ఒక పట్టాన పోలేదు. అవి చదునయ్యేదాకా ఆయన చెయ్యి ఆపలేదు.