ఆమె నడిచేది, నేను చూసేదాన్ని

మంగళవారం పొద్దున నేను నా జిరాక్సు సెంటర్లో ఉండగా నాయిన ఫోన్ చేసి, "అత్త పోయిందే" అన్నాడు. "సరే, వస్తున్న" అన్నాను. ఎదురుగా కంగ్టి నుంచి వచ్చిన రైతు పాసుపుస్తకం పట్టుకొని నిలబడ్డాడు. నాలుగు కాపీలు తీసి, పిన్ను కొట్టి ఇచ్చి, షట్టర్ దించి ఇంటికి నడిచాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్న ఇవ్వాళ్టికి కూడా రాలేదు.

ఆమె నాకు మేనత్త. మా ఇంటి పక్క గదిలోనే ఉండి, నారాయణఖేడ్‌లో ముప్పై ఏండ్లు జాకెట్లు కుట్టింది. మీరు నమ్మరేమోగాని, ఆమెకు వీడియో గేమ్ అంటే ప్రాణం. నేను కంప్యూటర్ కొన్న కొత్తలో "ఏందే అది, నాకియ్యి" అని నా చేతిలోని ఆటాడే రిమోట్ గుంజుకుంది. ఆ తర్వాత ఆదివారం వస్తే చాలు, కుట్టుమిషను మీద బట్ట కప్పి మా ఇంట్లో కూచునేది.

రిమోట్లు రెండుండేవి. నాదాంట్లో బొటనవేళ్లతో తిప్పే పుల్లలు రెండూ కింద, పక్కపక్కన. రెండోది అత్తది, దాంట్లో ఎడమది పైకి, కుడిది కిందికి. అత్త వాటిని గుండీలు అనేది. సమానంగా ఉంటేనే నాకు చేయి కుదిరేది. ఆమెకు అది చూస్తేనే చిరాకు.

"గీ గుండీలు గిట్ల పెట్టినోడు ఎన్నడన్న తన చేతులు చూస్కున్నడా?"

"రెండు చేతులు ఒక్కతీరే కదత్తా."

"చేతులు ఒక్కతీరే. పని ఒక్కతీరా? నా కత్తెర చూడు. బొటనవేలికి చిన్న రింగు, కడమ వేళ్లకు పెద్ద రింగు."

అయినా నా రిమోట్ నేను వదల్లేదు.

పోయిన ఎండాకాలం పక్షవాతం వచ్చి ఆమె కుడిచేయి పడిపోయింది. దవాఖాన నుంచి వచ్చినంక కత్తెర ముట్టలేదు. కుట్టమని వచ్చిన బట్టలన్నీ నాతోనే తిరిగి పంపించింది. రెండు ఆదివారాలు మా ఇంటికి రాలేదు. మూడో ఆదివారం నేనే పోయి, పట్టుకొని నడిపించుకొచ్చి కంప్యూటర్ ముందు కూచోబెట్టాను. కొండలు, అడవులు తిరిగే ఆట. ఎడమ పుల్లతో మనిషి నడుస్తాడు, కుడి పుల్లతో చూపు తిరుగుతుంది.

"నువ్వు నడిపియ్యత్తా, నేను చూస్త."

అలవాటుకొద్దీ నా రిమోటే తీశాను. చెరోపక్క పట్టుకున్నాం. ఆమె వేలు, నా వేలు గుద్దుకున్నాయి. మళ్లీ గుద్దుకున్నాయి. ఆమె దాన్ని పక్కకు నెట్టి, "నాది తియ్యి" అంది. దాంట్లో ఆమె వేలు పైన, నా వేలు కింద. ఒకదానికొకటి తగల్లేదు.

"ఇప్పుడన్న తెలిసిందా?" అని మూతి ఒక పక్కకే కదిలేలా నవ్వింది. చేయి పడిపోయినంక అదే మొదటి నవ్వు.

ఏడాది పొడుగూ అట్లనే ఆడాం. ఆమె వాగుల వెంట పోయేది. నేను చూపు వెనక్కి తిప్పితే, "ఎనక ఏమున్నదే? ముంగటికి చూడు" అని కసురుకునేది. ఆ కింది పుల్ల నా వేలికి బాగా అలవాటైపోయింది. నీదే సరైంది అత్తా అని ఒక్కసారి అంటే అయిపోయేది. అనలేదు.

పదకొండో దినం చుట్టాలు వెళ్లిపోయాక కంప్యూటర్ పెట్టాను. ఆట ఆమె ఆపిన చోటే తెరుచుకుంది. కొండ అంచున ఆ మనిషి నిలబడి ఉన్నాడు. ఆమె రిమోట్‌ను కుడిపక్క ఒక్కటే పట్టుకొని చూపు తిప్పాను. లోయ, ఏరు, వెనక చెట్లు. చుట్టూ తిరిగి అతని ముఖం దగ్గరికే వచ్చింది. గాలికి అతని అంగీ అంచు కదులుతోంది. అతను నిలబడే ఉన్నాడు.